ప్రార్థనమ్మ నా ఒక్కదాని మనిషి కాదు

మా ప్రార్థనమ్మ పోయిందన్న కబురు ఆదోని నుంచి వచ్చిన బస్సు కండక్టరు తెచ్చాడు. మధ్యాహ్నం బడి వదిలిన వేళ. పిల్లలు పలకలు చంకన పెట్టుకొని ఇళ్ళకు పరుగెత్తుతున్నారు. కండక్టరు గేటు దగ్గరే నిలబడి, "టీచరమ్మా, మీ ప్రార్థనమ్మ పొద్దున పోయిందంట. ఆదోనికి పోయినామె జొరమొచ్చి ఆడనే పడిపోయిందంట. మేస్త్రీ ఇంట్లో" అన్నాడు.

పోయిన మనిషిని గురించి రాసేటప్పుడు ముందు దుఃఖం రాయాలి. ఆ గడియలో నాకు దుఃఖం కంటే ముందు ఇంకొకటి వచ్చింది. "మేస్త్రీ ఇంట్లో" అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎమ్మిగనూరులో నేనుండగా ఆ ఇంట్లోనా? ఆఖరి గుక్క నీళ్ళు ఆ మేస్త్రీ భార్య చేత్తోనా? ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఈ చుట్టుపక్కల ఊళ్ళవారిలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. పొడుగాటి నల్లటి మనిషి. సన్న అంచు తెల్లచీర, భుజాన గుడ్డసంచి, అరిగిపోయిన తోలుచెప్పులు, రొండిన నశ్యం డబ్బీ. ఊరూరా తిరిగి ప్రార్థన చేయడం, సువార్త చెప్పడం మిషను వారు ఆమెకు ఇచ్చిన పని. చావు జరిగిన ఇంటికి వెళ్ళి కూర్చోవడం ఆమె తనంతట తాను చేర్చుకున్న పని. పిలిచినా వెళ్ళేది, పిలవకపోయినా వెళ్ళేది. ఏ కులమని అడిగేది కాదు, ఏ దేవుణ్ణి మొక్కుతారని అడిగేది కాదు. అట్లాగే ఒకరోజు మా ఇంటికీ వచ్చింది.

నా భర్త ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పనిచేసేవాడు. ఒక ఎండాకాలం ఆ మిల్లు గోదాముకు నిప్పంటుకుంది. కాలకుండా మిగిలిన పత్తి బేళ్ళను బయటికి లాగమని మేస్త్రీ కొందరిని లోపలికి పంపాడు. వారిలో మా ఆయన ఉన్నాడు. మిగతావాళ్ళు దగ్గుకుంటూ బయటికొచ్చారు. ఆయన రాలేదు. మాకు పిల్లలు లేరు. నేను కట్టుబట్టలతో ఎమ్మిగనూరులో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను.

మాది నేత ఇల్లు. అమ్మ వాకిట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. నేను లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉండేదాన్ని. ప్రార్థనమ్మ వచ్చిన రోజు అమ్మ గొంతు వినిపించింది.

"ఆడనే ఉండమ్మా. మీరు ఊరిబయటి పేట మనుషులు. లోపలికి రాకూడదు."

"రాను లేమ్మా. ఈడనే కూసుంటా."

ఆమె వాకిట్లో ఎండలోనే కూర్చుంది. ప్రార్థన మొదలుపెడుతుందేమో, పాట ఎత్తుకుంటుందేమో అని నేను పళ్ళు బిగబట్టుకుని ఉన్నాను. చివరికి ఆమె అన్న మాట ఇది: "అమ్మా, ఆ రాట్నం ఇట్ల ఇయ్యి. ఒట్టిగ కూసుంటే నాకు తోచదు."

అమ్మ ఏమనుకుందో ఏమో ఇచ్చింది. ప్రార్థనమ్మకు కండె చుట్టడం రాదు. నూలు చిక్కుపడింది, తెగింది, మళ్ళీ చిక్కుపడింది. "అయ్యో అయ్యో, నూలంతా నాశనం సేస్తివి గదమ్మా!" అని అమ్మ గోల పెడుతుంటే, "నేనేం సేసేది, ఇది నా మాట ఇనడంలే" అని ఆమె ఎదురు గొణిగింది. నేను లేచి గడప దగ్గరికి వచ్చి చూశాను. ఆమె వేళ్ళ నిండా నూలు చుట్టుకుపోయి ఉంది. విడిపించుకోలేక అటూ ఇటూ చూస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఆయన పోయిన తర్వాత అదే మొదటిసారి. నవ్వు వెంటే ఏడుపు వచ్చింది. ఆమె వాకిట్లోంచి కదలకుండా, "ఏడువు పాపా, బాగ ఏడువు" అంది.

తర్వాత ఒకసారి నేను అడిగాను, అందరూ ఏడవొద్దంటారే, నువ్వేంది ఏడవమంటావని. ఆమె నశ్యం డబ్బీ తీసి మెల్లగా మూత తిప్పుతూ చెప్పింది. "మా స్వామి కూడా స్నేహితుడు సచ్చిపోతే సమాధి కాడ నిలబడి ఏడ్సినాడు పాపా. ఏడవొద్దని సెప్పే పని ఆయన నాకియ్యలే." ఆమె తన దేవుణ్ణి నా దగ్గర దాచలేదు, నా నెత్తిన రుద్దనూ లేదు. నేను ఇప్పటికీ మా అమ్మ మొక్కే దేవుళ్ళకే మొక్కుతాను.

ఆ మొదటిరోజు లేవబోతూ ఆమె, "అమ్మా, రొవ్వంత మజ్జిగుంటే పోస్తావా?" అని అడిగింది. అమ్మ తెచ్చి ఆమె దోసిట్లో పైనుంచి పోసింది. ఆమె తాగి, చేత్తో మూతి తుడుచుకుని, "ఇట్లాంటి మజ్జిగ నేను యాడా తాగలేదమ్మా" అంది. రెండోసారి వచ్చినప్పుడు ఆ మజ్జిగ నేనే చిలికాను. అది చిలకడానికే ఆ పూట పక్కమీంచి లేచాను. వానలు పడే నాటికి అమ్మ దోసిట్లో పోయడం మాని ఇత్తడి గ్లాసు ఇచ్చింది. ఆ తర్వాత ఒకరోజు, "ఎండలో ఏంటికి కూసుంటావు, లోపలికి రా" అని తనే పిలిచింది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టాను.

అప్పుడే మొదలైంది నాకు ఆ జబ్బు. ఆమె నాకోసమే వస్తుందనుకున్నాను. మా మజ్జిగ అంటేనే ఆమెకు ఇష్టమనుకున్నాను. ఆమెకు నశ్యం పీల్చాక పెద్దగా తుమ్మే అలవాటు ఉండేది. నాలుగిళ్ళ అవతలకు వినిపించే తుమ్ము. ఆ తుమ్ము పక్క వీధిలో వినిపించిన రోజు నాకు అన్నం సయించేది కాదు. ఎవరింట్లో కూర్చుందో, ఎవరి కన్నీళ్ళు తుడుస్తోందో అని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఆమె మా వాకిట్లోకి రాగానే, "ఇప్పటికి గుర్తొచ్చినామా పెద్దమ్మా?" అని మూతి తిప్పుకునేదాన్ని. ఆమె నవ్వేది. ఆ నవ్వు చూస్తే ఇంకా ఒళ్ళు మండేది.

మా తాలూకాను బళ్ళారి జిల్లా నుంచి తీసి కర్నూలులో కలిపిన ఆ రోజుల్లో కరువు మా నేలను పట్టుకుని ఉండింది. జొన్న లేదు, పశువుకు మేత లేదు, నేసిన బట్ట కొనేవాడు లేడు. మిషను వారు బడి ఆవరణలో పందిరి వేసి గంజి పోశారు, పిల్లలకు పాలపొడి కలిపి ఇచ్చారు. ప్రార్థనమ్మ పొద్దంతా అక్కడే. మా ఇంటికి రావడం తగ్గిపోయింది. ఎదురుచూసి ఎదురుచూసి ఒకరోజు నేనే పోయాను.

"ఏంటికి వస్తివి పాపా, ఇంత ఎండలో?"

"ఊరికే. నేనూ పోస్తా గంజి."

అట్లా చేరాను. ఆమె ఏ ఊరికి పోతే ఆ ఊరికి వెంటపడ్డాను. మొగుడు పోయిన ఆడది తన బాధ మరిచి పదిమందికి సేవ చేస్తోందని ఊళ్ళో మెచ్చుకున్నారు. మిషను అయ్యగారు కూడా మెచ్చుకున్నారు. నేను పోయేది కాపలాకు. ఆమె ఎవరి పక్కన ఎంతసేపు కూర్చుంటుందో చూడ్డానికి. గంజి పోస్తూ ఒక కన్ను ఆమె మీదే ఉంచేదాన్ని. అది గమనించే చెప్పిందో, మామూలుగా చెప్పిందో తెలియదు, ఒకసారి నా పక్కకు వచ్చి మెల్లగా అంది: "గంజి పోసేటప్పుడు గిన్నెలోకి సూడొద్దు, నా తట్టు సూడొద్దు. తాగేవాళ్ళ మొగం సూడు పాపా. ఆకలైన మనిషికి మొగం సూసేవాళ్ళు కూడా కావాల."

నేను ఆదోనిలో ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని. ఆ సంగతి అయ్యగారి చెవిన వేసి, చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పని ఇప్పించింది కూడా ప్రార్థనమ్మే. ఈ రోజు నన్ను నలుగురు టీచరమ్మా అంటున్నారంటే ఆమె చలవే. అయితే అప్పుడు నాకు ఇంకొక అనుమానం వచ్చింది, నన్ను వదిలించుకోవడానికే బడిలో కూర్చోబెట్టిందేమోనని. ప్రేమించిన మనిషి మేలు చేసినా అనుమానమే పుడుతుంది ఈ జబ్బు ఉన్నవాళ్ళకు.

కరువు వెనకే కలరా వచ్చింది. ఆదోనిలో మిల్లు పనివాళ్ళ ఇళ్ళలో ఎక్కువగా పట్టింది. ఒక పొద్దున ప్రార్థనమ్మ మా ఇంటి ముందు నిలబడి, లోపలికి రాకుండానే చెప్పింది.

"పాపా, నీకు సెప్పకుండా పోతే తప్పు. ఆ మేస్త్రీ కొడుకు పోయినాడంట. ఒక్కడే కొడుకు. నేను పోతాండా."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని చెంబు కింద పెట్టేశాను.

"ఏ మేస్త్రీ? నా మొగుణ్ణి నిప్పుల్లోకి తోసినోడా?"

"ఆయనే."

"ఆ ఇంటికి నువ్వెట్ల పోతావు పెద్దమ్మా? నా ఇంట్లో కూసోని, నా మజ్జిగ తాగి, ఆ ఇంటికి ఎట్ల పోతావు?"

"ఆ పిల్లోడు ఎవరినీ నిప్పుల్లోకి తొయ్యలే పాపా. ఆ తల్లీ తొయ్యలే."

"పోతే ఇంగ నువ్వు నా మనిషివి కాదు."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "నేను నీ మనిషినే. ఆమె కాడికి పోయినా నీ మనిషినే. ఎట్ల సెప్పాలో నాకు తెలీదు" అని సంచి సర్దుకుని బస్సు దగ్గరికి నడిచింది.

నేనూ ఆ బస్సే ఎక్కాను. దారి పొడుగునా ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఆదోనిలో దిగి ఆమె ముందు నడిచింది, నేను పది బారల వెనక. మేస్త్రీ ఇల్లు మిల్లు గోడ వెనక ఉంది. ఆమె లోపలికి పోయింది. నేను వీధిలో ఎండలో నిలబడ్డాను. ఆ గడప తొక్కేది లేదు, ఆమెను అక్కడ వదిలి వచ్చేదీ లేదు.

కిటికీ తెరిచే ఉంది. లోపల ఒక ఆడమనిషి గుండెలు బాదుకునే చప్పుడు. తర్వాత ప్రార్థనమ్మ గొంతు. "ఏడువు పాపా, బాగ ఏడువు." నన్నన్న మాటే, నన్ను పిలిచిన పిలుపే. ఇంకా చాలాసేపటికి, "రొవ్వంత మజ్జిగుంటే పోస్తావా?" అనడం వినిపించింది. గ్లాసు చప్పుడు. ఆపైన, "ఇట్లాంటి మజ్జిగ నేను యాడా తాగలేదమ్మా."

భర్త పోయినప్పుడు కూడా దేవుణ్ణి తిట్టనిదాన్ని, ఆ ఒక్క మాటకు ఆ వీధిలో నిలబడి ఆమెను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

కాసేపటికి మేస్త్రీ భార్య గడప దగ్గరికి వచ్చింది. నా ఈడుదే. ముఖం ఉబ్బిపోయి ఉంది. మిల్లు గేటు ముందు నేను ఏడ్చిన రోజు నన్ను చూసింది కాబోలు, గుర్తుపట్టింది.

"నీ ఇంట్లో సావైనప్పుడు మేం రాకపోతిమి. నువ్వు వస్తివి" అంది.

"నీకోసం రాలే. ఆమె కోసం వచ్చినా" అన్నాను. అబద్ధం చెప్పడానికి ఆ పూట నాలో ఓపిక లేదు.

ఆమె తల ఊపింది. "ఎవరికోసమైనా కానీలే. ఇంత ఎండలో నా ఇంటి ముందర నిలబడినావు. సుట్టాలు కూడా కలరా అని రాలే." గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది. లోపల మంచం మీద ఒక మగమనిషి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతను తల ఎత్తలేదు. నేను అతనితో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. ఎమ్మిగనూరు కనిపించే దాకా బిగబట్టుకుని, అప్పుడు అడిగాను.

"అందరింట్లోనూ అదే మాట సెప్తావా పెద్దమ్మా? ఇట్లాంటి మజ్జిగ యాడా తాగలేదని?"

"అందరిదీ బాగుంటే నేనేం సేయాల?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "సావు ఇంట్లో ఏదన్నా అడగాల పాపా. అందరూ పెట్టేదానికే వస్తారు. తీసుకునేటోళ్ళు కావాల. లేసి ఇచ్చిన చెయ్యి మల్ల బతుకుతాది."

ఆ మాట విలువ నాకు తెలుసు. నేను బతికిందే అట్లా. కానీ నాకు చేసిన వైద్యమే అందరికీ చేసిందని తెలిస్తే మనసు ఒప్పుకోదు. ఆ మందు మన ఒక్కరి కోసమే నూరి ఉండాలనిపిస్తుంది.

ఆ తర్వాత ఏళ్ళలో మేస్త్రీ భార్య ఆమెకు బాగా దగ్గరైంది. పెద్దమ్మా అనే పిలిచేది. ఆ పిలుపు నాది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆదోనికి పోయినప్పుడల్లా ప్రార్థనమ్మ ఆ ఇంట్లోనే దిగేది. వచ్చేటప్పుడు వాళ్ళింటి ఊరగాయ తెచ్చి నాకు పెట్టేది, ఆ చేతి కారం తిని చూడమని. కారం బాగుండేది. అదీ నాకు కష్టంగానే ఉండేది.

ఆమె పోయాక దేహాన్ని మిషను వారి జీపులో ఎమ్మిగనూరు తీసుకువచ్చారు. సమాధుల తోటలో నిలబడ్డానికి చోటు చాలలేదు. పేట మనుషులు, నేతవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, గూడూరు నుంచి బండి కట్టుకొచ్చినవాళ్ళు. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే నా వెనక ఆడవాళ్ళు గుసగుసగా ఏడుస్తున్నారు. "మా ఇంటి మజ్జిగంటే ఆమెకు పానం" అంటోంది ఒకామె. "మా ఇంటికి రాకుండ ఏ వారమూ ఉండలే" అంటోంది ఇంకొకామె. తిరిగి చూశాను. ఎవరిని చూసినా నా ముఖమే ఉంది. ఇంతమందికీ ఆమె సొంతమనిషి. మా అమ్మ ముందుకు వంగి గుప్పెడు మట్టి వేసింది. ఒకప్పుడు దోసిట్లో మజ్జిగ పోసిన చెయ్యి. "మా ఇంటి మనిషి" అంది, ఎవరూ అడగకుండానే.

అందరూ పోయాక మేస్త్రీ భార్య ఒక్కతే మిగిలింది. నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నన్ను అడిగిందా?"

"లే" అంది. "నన్నూ అడగలే. తల నా ఒళ్ళోనే ఉన్నా నన్ను ఆనవాలు పట్టలే. హాలహర్వి పిల్ల, హాలహర్వి పిల్ల అని ఒకటే కలవరింత. బిడ్డ బావిలో పడి పోయిందంట ఆ పిల్లకు. శనివారం వస్తానని మాటిచ్చిందంట." ఆమె కొత్త మట్టి వైపు చూస్తూ అంది: "నాకు శానా కోపమొచ్చింది. ఇంత సేసినా, ఇంగెవరినో అడుగుతుందే అని."

ఆ మాట విని నేను మొదటిసారి ఆమె ముఖం సరిగ్గా చూశాను. ఆమెకూ ఇదే జబ్బు. ఇన్నేళ్ళూ ఆమె నా మీద, నేను ఆమె మీద మండుతూ గడిపాం. ఇప్పుడు ఇద్దరం కలిసి, ఎన్నడూ చూడని హాలహర్వి పిల్ల మీద.

శనివారం ఇద్దరం హాలహర్వి పోయాం. ఎవరు ముందన్నారో గుర్తులేదు. జొన్న కోసిన నల్లరేగడి చేల మధ్య నడిచి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాం. వాకిట్లో ముసలామె, "యారమ్మా మీరు?" అని కన్నడం కలిపి అడిగింది. ప్రార్థనమ్మ మనుషులమని చెప్పాం. ఆ పిల్ల లోపలి నుంచి పరుగున వచ్చింది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మా ఇద్దరినీ దాటి మా వెనక దారి వైపు చూసింది.

"ఆమె యాడ? రాలేదా?"

మేస్త్రీ భార్యే చెప్పింది. "రాలేదమ్మా. ఇంగ రాదు. ఆమె పోయింది. నీ పేరే తలుసుకుంటా పోయింది."

ఆ పిల్ల వాకిట్లోనే కూలబడి, మేస్త్రీ భార్య ఒళ్ళో తల పెట్టి బిగ్గరగా ఏడ్చింది. ముందు ప్రార్థనమ్మ కోసం ఏడ్చింది. ఆ ఏడుపులోనే ఎప్పుడో బిడ్డ పేరు వచ్చింది. మేస్త్రీ భార్య ఆమె వీపు నిమురుతోంది. నేను కొంచెం ఎడంగా కూర్చుని చూస్తున్నాను. అప్పుడు కూడా నాకు అదే అనిపించింది, ఆ తల నా ఒళ్ళోకి రాలేదేమని.

అంతలో ఆ పిల్ల చెయ్యి, తల ఎత్తకుండానే, నేల మీద తడుముకుంటూ వచ్చింది. దొరికింది నా పాదం. మడమ దగ్గర గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. ముసలామె కోళ్ళను అదిలించి గంప కింద మూసింది. నా కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది. అయినా కదపలేదు.